ఆరూ యాభై బస్సు

ఇంటర్ రెండేళ్ళూ నాకు వాచీతో పని పడలేదు. నిజంగా. పొద్దున్న ఐదుకి వార్డెన్ మేడమ్ స్కేలుతో తలుపులు బాదుకుంటూ వరండా చివరిదాకా వెళ్ళేది, ఐదున్నరకి స్టడీ అవర్, ఏడున్నరకి టిఫిన్, ఎనిమిదికి క్లాసు, ఒంటిగంటకి అన్నం, మళ్ళీ క్లాసు, సాయంత్రం స్నాక్స్ పేరుతో రెండు బిస్కెట్లూ ఒక టీ, మళ్ళీ స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి లైట్లు బంద్. దేనికైనా ఒక బెల్లు. ఆదివారం వస్తే వీకెండ్ టెస్టు. నెలకోసారి ఔటింగ్, అదీ అమ్మో నాన్నో వచ్చి సంతకం పెడితేనే. ఆ రెండేళ్ళూ నేను చేసిందల్లా బెల్లు మోగితే లేవడం, మోగితే కూర్చోవడం. కానీ మా బొబ్బిల్లో చుట్టాలందరి దగ్గరా "ఆ గుంట టైం అంటే టైమే" అని పేరొచ్చేసింది, వాళ్ళు అంటూ ఉంటే నేనూ నమ్మేశా, తంటా అంతా అక్కడే వచ్చింది.

ఆగస్టులో ఇంజనీరింగ్‌కి వైజాగ్ వచ్చా. సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్. కాలేజీ ఆనందపురం దాటాక, హాస్టల్ మాత్రం ఎంవీపీ కాలనీలో, రైతు బజార్‌కి దగ్గర్లో. అంత దూరం ఎందుకు పెట్టుకున్నావే అని అందరూ అడుగుతారు, కాలేజీ హాస్టల్ ఫీజు కాగితం చూసినప్పుడు మా నాన్న మొహం మీరు చూసుంటే అడగరు, పైగా మా పెదనాన్న కూతురు ఇదే హాస్టల్లో ఉండి చదివింది కాబట్టి ఆడపిల్లకి ఇక్కడైతే భయం లేదని ఇంట్లో తీర్మానం ఐపోయింది. గదికి నలుగురం. ఒకమ్మాయి తుని, ఒకమ్మాయి ఆమదాలవలస, ఇంకొకమ్మాయి రాజాం. నలుగురివీ నాలుగు కాలేజీలు, నాలుగు టైమింగ్స్, బాత్రూమ్ ఒకటి.

మా క్లాసులు తొమ్మిదింటి నుంచి నాలుగూ పది దాకా. మొదటి రోజు టైం టేబుల్ చూసి నాకు భలే నవ్వొచ్చింది, ఇంతేనా అని. నాలుగూ పది తర్వాత నన్ను అడిగే నాథుడు లేడు. రాత్రి పదకొండుకి పడుకున్నా చేతిలో ఆరు గంటలు మిగుల్తాయి కదా, సి లాంగ్వేజ్ రెండు నెలల్లో నేర్చేసుకోవచ్చు, ఇంగ్లీష్ మాట్లాడ్డం ప్రాక్టీస్ చెయ్యొచ్చు, పొద్దున్నే లేచి అప్పూఘర్ దాకా నడిచి సముద్రం చూసి రావొచ్చు. ఇవన్నీ కొత్త లాంగ్ నోట్‌బుక్ మొదటి పేజీలో నాలుగు రంగుల పెన్నులతో రాసి గోడకి అంటించా. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది, రాజాం అమ్మాయి దాని మీద చెవిపోగులు గుచ్చి పెట్టుకుంటోంది.

లెక్కలో నేను వేసుకోంది బస్సు.

హాస్టల్ నుంచి ఇసుకతోట స్టాపుకి పావుగంట నడక. అక్కడ 222 ఎక్కాలి, తగరపువలస వెళ్ళేది. అది రైల్వేస్టేషన్ దగ్గర బయల్దేరి ఆర్టీసీ కాంప్లెక్సూ మద్దిలపాలెం అన్నీ తిరిగి మా స్టాపుకి వచ్చేసరికి లోపల చెయ్యి పెట్టడానికి కూడా చోటుండదు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టారు కదా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్, నాకది నిజంగా పెద్ద హెల్ప్, కాదనను, కానీ ఆ రోజు నుంచి బస్సులో నిలబడ్డం కూడా ఒక విద్య ఐపోయింది. దానికితోడు ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ ఉన్న రోజు చేతిలో డ్రాఫ్టర్. తెలీని వాళ్ళకి చెప్తున్నా, డ్రాఫ్టర్ అంటే బొమ్మల బోర్డుకి బిగించే రెండు కర్రల స్కేలు లాంటిది, సంచిలో పట్టదు, మడిచినా ఎక్కడో ఒక కొన బయటకి పొడుచుకొస్తుంది. హనుమంతవాక జంక్షన్లో డ్రైవర్ బ్రేకేసినప్పుడల్లా అది ఎవరో ఒకరికి తగిలేది, ఒకావిడైతే "నీ చదువు సంగతి సరే గానీ నా కన్ను తీసేసేలా ఉన్నావమ్మా" అంది.

ఏడూ యాభైకి వచ్చే బస్సు ఎక్కితే ఎండాడ, మధురవాడ, కొమ్మాది దాటి ఆనందపురంలో దిగి, అక్కణ్ణించి షేర్ ఆటోలో కాలేజీ చేరేసరికి తొమ్మిదీ ఐదు, ఒక్కోసారి తొమ్మిదీ పది. ఫస్ట్ పీరియడ్ సార్ తొమ్మిదీ రెండుకి అటెండెన్స్ తీసేస్తారు. ఆ తర్వాత వస్తే లోపలికి రానిస్తారు గానీ హాజరు వెయ్యరు. వింటూ ఉంటా, కానీ రికార్డుల్లో నేను లేనట్టే. అలా రెండు నెలల్లో ఎన్ని పీరియడ్లు పోయాయో నేను లెక్కే పెట్టలేదు, ఎందుకంటే నా దృష్టిలో నేను రోజూ కాలేజీకి వెళ్తూనే ఉన్నా కదా.

సాయంత్రం ఇంకో కథ. నాలుగున్నరకి స్టాపులో నిలబడితే హాస్టల్‌కి వచ్చేసరికి ఆరు. కాళ్ళు పీకేస్తూ ఉంటాయి, ఒక్క పది నిమిషాలు అని మంచం మీద వాలి ఫోన్ తీస్తే ఏడున్నరకి మెస్ గంట వినపడుతుంది (చూశారా, మళ్ళీ గంటే, దానికైతే టంచనుగా లేస్తా). తిన్నాక ఎవరో ఒకరు బీచ్‌కి పోదామా అంటారు. నలుగురూ తయారయ్యేసరికి ముప్పావుగంట, అందులో ఆమదాలవలస అమ్మాయి ఒక్కత్తికే అరగంట. అక్కడ మురీ మిక్స్చర్, టమాటా బజ్జీ, గేటు తొమ్మిదిన్నరకి మూసేస్తారని పరిగెత్తడం, వచ్చి కూర్చుంటే పది. పదింటికి పుస్తకం తెరిస్తే పదింబావుకి నిద్ర. దీన్ని నేను చదువుకోవడం అనుకున్నా.

మధ్యలో భాష గొడవ ఒకటి చెప్పాలి. క్లాసులో సగం మంది సిటీ స్కూళ్ళ వాళ్ళు. మొదటి వారం నేను ఎవరితోనో "ఏటి సార్ ఇంకా రాలేదేటి" అన్నా, వెనక బెంచీలో నవ్వారు. పెద్దగా ఏం కాదు, కానీ ఆ తర్వాత నెల రోజులు నేను నోరు తెరిచే ముందు ప్రతి మాటా లోపల ఒకసారి అనుకుని అప్పుడు బయటకి వదిలేదాన్ని, ఆ పని ఎంత అలసట తెస్తుందో చెప్తే నమ్మరు, బస్సు కంటే ఎక్కువ. విచిత్రం ఏంటంటే వైజాగ్‌లో బస్సు కండక్టర్ నుంచి కూరగాయల అమ్మ దాకా అందరూ మాట్లాడేది అదే భాష. ఆమదాలవలస అమ్మాయి వాళ్ళ కాలేజీలో మొదటి రోజు నుంచే "ఏటర్రా మీ గోల" అని అరిచేసిందట, దాని జోలికి ఎవరూ రాలేదట. నేనూ అలా చేసుండాల్సింది.

ఇక అక్టోబరు. దసరా సెలవులకి బొబ్బిలి వెళ్ళా. రెండో తారీఖున పండగ, మర్నాటి నుంచే వచ్చేయొచ్చు, కానీ మంగళవారం ఏడో తారీఖున విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం ఉంది కదా, దారిలోనే కదా, చూసుకుని వెళ్దాం అని ఉండిపోయా. అలా రెండు రోజుల క్లాసులు పోయాయి. బుధవారం వచ్చా. గురువారం తొమ్మిదో తారీఖు మన వైజాగ్ స్టేడియంలో ఆడవాళ్ళ వరల్డ్ కప్ మ్యాచ్, ఇండియా సౌతాఫ్రికా. రోజూ బస్సు కిటికీలోంచి చూసే స్టేడియం, లోపల ఇండియా ఆడుతుంటే దాన్ని దాటుకుని ల్యాబ్‌కి ఎలా పోతాం చెప్పండి. తుని అమ్మాయి పిన్ని వాళ్ళది స్టేడియం దగ్గర పీఎం పాలెం, రాత్రికి అక్కడే పడుకుంటామని హాస్టల్లో చెప్పి వెళ్ళాం. మన వాళ్ళు వరసగా ఔటైపోతుంటే రిచా ఘోష్ ఎనిమిదో నంబర్లో వచ్చి 94 కొట్టింది, స్టేడియం అంతా ఊగిపోయింది, నా గొంతు పోయింది. తీరా చూస్తే ఆ డి క్లర్క్ 84 కొట్టి నాటౌట్‌గా ఉండి మూడు వికెట్ల తేడాతో లాగేసుకుపోయింది. ఆ రోజుకి నాకు పశ్చాత్తాపం లేదు, ఇప్పటికీ లేదు, మళ్ళీ పెట్టినా వెళ్తా. కాకపోతే ఆదివారం ఆస్ట్రేలియా మ్యాచ్ కూడా ఇక్కడే, దానికి టికెట్ దొరకలేదు, హాస్టల్లో ఫోన్‌లో చూశాం, మనవాళ్ళు 330 కొట్టి కూడా ఓడిపోయారు, అది ముగిసేసరికి రాత్రి. సోమవారం పొద్దున్న మ్యాథ్స్ మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, లీనియర్ ఆల్జీబ్రా.

30కి 11 వచ్చాయి. ఎంపీసీలో మ్యాథ్స్‌కి ఒక్క మార్కు పోతే ఏడ్చిన పిల్లని. పేపరు చేతిలో పెట్టినప్పుడు పక్కనమ్మాయిది 27, నేను నా పేపరు మడిచి సంచిలో పెట్టుకుని క్యాంటీన్ వెనక నల్లా దగ్గరకి వెళ్ళి మొహం కడుక్కున్నా, రెండుసార్లు.

తర్వాత ఒక సీనియర్ అక్క కూర్చోబెట్టి లెక్క చెప్పింది, ఇది ఫస్ట్ ఇయర్ వాళ్ళు తెలుసుకోవాల్సిందే. మాది ఆర్23 రెగ్యులేషన్, అంటే 2023లో వచ్చిన యూనివర్సిటీ రూల్స్, అందులో ఇంటర్నల్ 30, సెమిస్టర్ చివరి పరీక్షకి 70. మిడ్స్ రెండు, రెండింట్లో ఎందులో ఎక్కువొస్తే దానికి 80 శాతం, తక్కువొచ్చిన దానికి 20 శాతం తీసుకుని కలుపుతారు. అంటే నేను రెండో మిడ్‌లో 26 తెచ్చుకుంటే 20.8, ఈ 11కి 2.2, మొత్తం 23. మునిగిపోలేదు అన్నమాట. పాస్ అవ్వాలంటే 70కి కనీసం 25 రావాలి, రెండూ కలిపి 40 ఉండాలి. "మార్కుల సంగతి సరే గానీ నీ అటెండెన్స్ చూసుకున్నావా ముందు" అంది అక్క. చూశా. 71 శాతం.

75 లేకపోతే పరీక్షకి ఇబ్బంది. 65కీ 75కీ మధ్యలో ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి, కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు, తీసుకోవాలి. కారణం ఏం రాయను, సిరిమాను అనా? వెనక పేజీలో లెక్కేశా. అప్పటికి 300 పీరియడ్లలో నేను ఉన్నవి 213. ఒక్కటి కూడా పోకుండా ఇంకో 48 పీరియడ్లు కూర్చుంటే 261 బై 348, సరిగ్గా 75. రోజుకి ఆరు పీరియడ్లు, అంటే ఎనిమిది రోజులు వరసగా ఫస్ట్ పీరియడ్‌తో సహా. ఎనిమిది రోజులే కదా అనిపించింది, రెండు నెలల్లో వరసగా ఎనిమిది రోజులు టైంకి వెళ్ళింది ఎప్పుడా అని వెతికితే లేదు.

దీపావళికి ఇంటికి వెళ్ళలేదు, మొహం చెల్లక. రాత్రి నాన్న ఫోన్ చేశారు. మాకు బొబ్బిల్లో చిన్న జిరాక్స్ షాపు, నాన్న ఒక్కరే చూస్కుంటారు. మార్కులు చెప్పా. తిడతారనుకున్నా, కాసేపు ఏం మాట్లాడలేదు. నేనే గోడ మీద కాగితం గురించీ, ఆరింటి నుంచి ఏడు దాకా ఇది, ఏడు నుంచి ఎనిమిది దాకా అది అని రాసుకోవడం గురించీ, ఒక్కటీ జరక్కపోవడం గురించీ చెప్పుకుంటూ పోయా. అప్పుడన్నారు, "నాకు షాపు తెరిచే టైం ఒక్కటే నా చేతిలో ఉంది తల్లీ. మూసే టైం నాది కాదు. కరెంటు పోద్ది, మిషను ఆగిపోద్ది, ఎవడో రాత్రి తొమ్మిదికి అర్జెంటని వస్తాడు. తెరవడం మాత్రం ఎనిమిదిన్నరకే, ఇరవై ఏళ్ళయి." అని మళ్ళీ, "మీ అమ్మకిస్తున్నా" అని ఫోన్ ఇచ్చేశారు. అమ్మ "ఏటే తిన్నావా, బేగి పడుకో" తప్ప ఇంకేం అడగలేదు, అమ్మకి అంతా ముందే తెలిసిపోయుంటుంది.

నాన్న మాట వెంటనే బుర్రకెక్కింది అని చెప్పను. ముందు నేను చేసింది, ఒక వారం పాటు నోట్‌బుక్ వెనక పేజీల్లో గంట గంటకీ ఏం చేశానో రాయడం. చెయ్యాల్సింది కాదు, చేసింది. ఫోన్‌లో ఎక్కువ పోతోందని నాకు ముందే తెలుసు, పోయింది కూడా, దాని గురించి ఏం చెప్తాం. నేను అనుకోనిది ఇంకోటి బయటపడింది. ఎదురుచూడ్డం. బస్సు కోసం, బాత్రూమ్ కోసం, వేడినీళ్ళ బకెట్టు కోసం, మెస్‌లో లైను, వీళ్ళు తయారయ్యేదాకా గుమ్మంలో నిలబడ్డం, అన్నీ కూడితే ఆ వారం తొమ్మిది గంటలు. అందులో చదివిందీ లేదు, రెస్టు తీసుకుందీ లేదు, కనీసం సరదా కూడా లేదు.

సరిగ్గా ఆ లెక్క పూర్తైన టైంలో మొంథా తుఫాను. 27 నుంచి కాలేజీలకి సెలవులిచ్చేశారు. 28 రాత్రి అది నర్సాపురం వైపు తీరం దాటింది గానీ ఇక్కడ గాలీ వానా మామూలుగా లేవు. మా వీధిలో కరెంటు పోయింది, కాసేపటికి హాస్టల్ ఇన్వర్టరూ పోయింది, సాయంత్రానికి నలుగురి ఫోన్లూ చచ్చిపోయాయి. రాజాం అమ్మాయి పాటలు పాడింది. అవీ అయిపోయాక చేసేదేం లేక నేను డ్రాయింగ్ బోర్డు కిటికీ దగ్గర వేసుకుని పెండింగ్‌లో ఉన్న గ్రాఫిక్స్ షీట్లు మొదలెట్టా, వెలుగు ఉన్నంతసేపు. రెండు షీట్లు ఐపోయాయి. ఆ రెండు షీట్లు మూడు వారాలుగా "టైం లేదు" అని ఆపినవి.

సెలవులయ్యాక ఆరూ యాభై బస్సు మొదలెట్టా. ఇదొక్కటే నేను మార్చింది, మిగతావన్నీ దాన్ని బట్టి మారాయి. ఆరూ యాభైకి 222లో కూర్చోడానికి చోటు ఉంటుంది! నాకు తెలీనే తెలీదు, రెండు నెలలు గంట తేడాతో నిలబడి చచ్చా. డ్రాఫ్టర్ ఒళ్ళో పెట్టుకోవచ్చు. హనుమంతవాక దగ్గర ఆగకుండా వెళ్ళిపోతుంది. ఏడూ నలభైకి ఆనందపురం, ఎనిమిది లోపల కాలేజీ. బాత్రూమ్ గొడవ కూడా లేదు, ఐదూ ముప్పావుకి మా గదిలో లేచేది నేనొక్కదాన్నే. సమస్య టిఫినే, మా మెస్‌లో ఏడున్నరకి గానీ పెట్టరు. వంట చేసే అక్కని బతిమాలితే మొదటి వాయి ఇడ్లీలు ఆరున్నరకి డబ్బాలో వేసి ఇస్తోంది, చట్నీ రుబ్బడం అవ్వకపోతే కారప్పొడి. ఒక్కోరోజు అదీ ఉండదు, అప్పుడు ఆనందపురం జంక్షన్లో బండి దగ్గర పూరీ.

ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఖాళీ క్లాస్‌రూమ్‌లో నేనొక్కదాన్నే. మొదటి రోజు సెక్యూరిటీ అంకుల్ "ఏటమ్మా, సెలవనుకుని వచ్చేసావా" అన్నాడు, ఆయన కూడా ఏటి అన్నాడు, ప్రాణం లేచొచ్చింది. ఆ గంటలో నేను ఒకటే చేస్తా, నిన్నటి మ్యాథ్స్ లెక్కలు మళ్ళీ పుస్తకం చూడకుండా చెయ్యడం. అవ్వకపోతే తొమ్మిదింటికి ఆపేస్తా. సి ప్రోగ్రాములు మాత్రం అక్కడ అవ్వవు, ల్యాప్‌టాప్ లేదు నాకు, ల్యాబ్‌లోనే రాసుకోవాలి. సాయంత్రం ఏం జరుగుతుందో నేను పట్టించుకోవడం మానేశా. బీచ్‌కి పోదామంటే పోతా. పదింటికల్లా నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి ఫోన్ దానంతటదే జారిపోతుంది.

అన్ని రోజులూ అయిందని కాదు. నవంబర్లో నాలుగైదు సార్లు అలారం ఆపి పడుకున్నా. నవంబర్ రెండున వరల్డ్ కప్ ఫైనల్, అదే సౌతాఫ్రికా, ఈసారి మనవాళ్ళు కొట్టేశారు, కప్పు వచ్చింది, హాస్టల్ హాల్లో టీవీ ముందు అందరం గంతులేశాం, మర్నాడు ఆరూ యాభై ఎవరు ఎక్కుతారు. ఎక్కలేదు. ఎనిమిది రోజుల లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

గ్రూప్ స్టడీ కూడా ట్రై చేశా, నా వరకు అది గ్రూపే గానీ స్టడీ కాదు. "ఫస్ట్ ఇయరే కదా ఎంజాయ్ చెయ్యండి, థర్డ్ ఇయర్ నుంచి చూసుకోవచ్చు" అనే సీనియర్లు ఉంటారు, వాళ్ళలో ఎవరికి ఎన్ని బ్యాక్‌లాగ్స్, అంటే తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు, ఉన్నాయో మెల్లిగా వాకబు చేసి అప్పుడు వినండి. ఆదివారాలు ఒకట్రెండు సార్లు ద్వారకానగర్ పౌరగ్రంథాలయానికి వెళ్ళా, అక్కడ ఉద్యోగం పరీక్షలకి చదివే వాళ్ళని చూస్తే భయం వేస్తుంది, నీళ్ళ బాటిల్, లంచ్ బాక్స్ పెట్టుకుని పొద్దున్నుంచి అదే కుర్చీ. నేను రెండు గంటలు కూర్చుని బట్టలు ఉతకాలని గుర్తొచ్చి వచ్చేశా, ఆదివారం నీళ్ళు పదకొండు దాకే వస్తాయి మాకు.

రెండో మిడ్ మ్యాథ్స్‌లో 24 వచ్చాయి. 26 కాదు. 19.2, 2.2 కలిపితే 21.4. అటెండెన్స్ సెమ్ ఆఖరికి 77 దగ్గర ఆగింది. పరీక్షలు అయ్యాయి, బీఈఈఈ (బేసిక్ ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్) కొంచెం డౌట్, ఫిజిక్స్ పర్లేదు.

ఇప్పుడు సంక్రాంతికి ఇంట్లో ఉన్నా. నిన్న చుట్టాలొచ్చి మళ్ళీ "టైం అంటే టైమే" అన్నారు, నేను ఏం మాట్లాడకుండా అరిసెలు పెట్టా. రెండో సెమ్ టైం టేబుల్ వాట్సాప్‌లో వచ్చేసింది, శనివారం కూడా ఫుల్ డే వేశారు, కెమిస్ట్రీ ల్యాబ్ ఉంది, గ్రాఫిక్స్ మాత్రం లేదు. తుని అమ్మాయి వాళ్ళ కాలేజీలో గ్రాఫిక్స్ ఈ సెమ్‌లో వస్తుందట, నా డ్రాఫ్టర్ దానికే మూడొందలకి ఇచ్చేశా. ఇంకా రెండొందలే ఇచ్చింది. దాని బస్సు ఎనిమిదిన్నరకి, వద్దే ముందుది ఎక్కు అని చెప్పా, "నీలా నాకేం పట్టలేదు" అంది, సరే, హనుమంతవాక దాకా వెళ్ళనీ.